బెంగళూరులో థాయి భోజనము — ఒక తెలుగు విమర్శ

కావ్యమునకు విమర్శ కలదు. సంగీతమునకు, నాటకమునకు, చిత్రమునకు విమర్శ కలదు. భోజనమునకు మాత్రము విమర్శ యేల యని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. వడ్డించిన దానిని కన్నుల కద్దుకొని తినవలెనే గాని వంక పెట్టరాదనుట మన యిండ్లలోని మర్యాద. ఆ మర్యాద గృహస్థుని పంక్తికి చెల్లును. వెల పుచ్చుకొని వడ్డించు చోట దానికి ప్రసక్తి లేదు. పైగా మన వాఙ్మయమున ఈ విమర్శ క్రొత్తది కాదు. శ్రీనాథుని పేర ప్రచారములో నున్న ఒక చాటువు కన్నడ రాజ్యమున ఆ మహాకవి పడిన పాట్లను వర్ణించును. తలకు కుళ్లాయి పెట్టుకొనుట మొదలు వెల్లుల్లి తినుట, అంబలి త్రాగుట వరకు ఆయన తన మొరను రాజ్యలక్ష్మికే వినిపించెను. కన్నడ దేశమునకు వచ్చిన తెలుగువాడు అచ్చటి విస్తరిని గూర్చి తీర్పు చెప్పుట ఆ విధముగా మనకు పాత అలవాటే. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో మరియొక మార్గము చూపెను. విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలమున నొక తీరున, చలికాలమున నొక తీరున, వేసవిని మరియొక తీరున విందు చేసెనని ఆ కావ్యము చెప్పును. భోజన విమర్శకు ఇంతకన్న మంచి సూత్రము దొరకదు. ఏది రుచి యని యడుగుటకు ముందు, ఏ కాలమున, ఏ చోట, ఎవరి కొఱకు వండినది యని యడుగవలెను.

ఈ సూత్రమును చేతబట్టుకొని బెంగళూరులోని థాయి భోజనశాలలను పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. మన నగరమున ఇవి నేడు అరుదైనవి కావు. మహాత్మా గాంధీ రోడ్డునందలి ఓబెరాయ్ హోటలులో రిమ్ నామ్ అను థాయి భోజనశాల కలదు. ఆ పేరునకు నీటి యొడ్డు అని అర్థము. అలసూరు రోడ్డున బెంజరాంగ్ అను భోజనశాల పేరు గడించినది. అయిదు వన్నెల పింగాణి పాత్రలకు ఆ దేశమున గల పేరు అది. ఇందిరానగరము, కోరమంగల మొదలైన పేటలలో చైనా, జపాను, వియత్నాము వంటకములతో పాటు థాయి వంటకములను కూడ వడ్డించు ఆసియా భోజనశాలలు పెక్కు వెలసినవి. బ్యాంకాకు నగరమునకు ఇచ్చటి నుండి నేరుగా విమానములు నడచుచుండుటచేత, మన యువకులలో ఆ దేశమున తిని వచ్చినవారు కూడ తక్కువ కాదు.

తెలుగువారి సంచికలో థాయి భోజనమేల యని యడుగువారికి రెండు సమాధానములు. మొదటిది: ఈ భోజనమును తూచుటకు మన నాలుక చక్కని త్రాసు. రెండవది మరింత ముఖ్యము. ఇదే నగరమున మన భోజనము కూడ ఒక బోర్డు క్రింద అమ్మకమున కున్నది. "ఆంధ్రా మీల్స్" అను ఆ బోర్డు క్రింద జరుగుచున్నది మనదై యుండుటచేత మన కంటికి ఆనదు. పరుల విస్తరిని చూచినప్పుడు అది తేటపడును.

ముందు చుట్టరికమును చెప్పెదను. థాయి భాషలో భోజనము చేయుటను "కిన్ ఖావ్" అందురు. దాని అర్థము అన్నము తినుట. మన మెవరినైన పలుకరించునప్పుడు "అన్నము తిన్నారా" యని యడుగుట లేదా? అన్నముతో పాటు వచ్చు కూరలు, పులుసులు, పచ్చళ్ళు అన్నియు వారికి "కప్ ఖావ్", అనగా అన్నముతో తినునవి. మన పెద్దలు వీనినే ఆధరువు లనిరి. అన్నము నడుమ నుండవలెను, తక్కినవి దాని చుట్టు తిరుగవలెను. ఈ ఒక్క సంగతి తెలియనందున ఎందరో థాయి భోజనమును తప్పుగా తినుచున్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క గిన్నె తెప్పించుకొని దానిని ఆసాంతము ఒంటరిగా ముగించుట ఆ దేశపు పద్ధతి కాదు. నలుగురు కూర్చుండి నాలుగైదు ఆధరువులను నడుమ నుంచుకొని అన్నముతో కలిపి తినుట వారి పద్ధతి. ఒకటి పులుపు, ఒకటి కారము, ఒకటి కమ్మదనము, ఒకటి తీపి కలిసినది. ఒకదాని లోటును మరియొకటి పూడ్చును. విడిగా తిన్నవానికి టామ్ యమ్ పుల్లగా, పచ్చకూర వెగటుగా తోచుటలో వింత లేదు. ఉత్త చింతకాయ పచ్చడిని గరిటెతో తిన్నవాడు తెలుగు వంటను గూర్చి ఏమి చెప్పగలడు?

రెండవ చుట్టరికము మిరపకాయది. పోర్చుగీసువారు 1510లో గోవాను, 1511లో మలక్కాను పట్టుకొనిరి. ఆ 1511లోనే వారి దూత అయుత్థయ నగరమును చేరెను. అమెరికా ఖండమున పుట్టిన మిరప ఆ వర్తకుల వెంట 16వ శతాబ్దిలో ఆసియా తీరముల కెక్కెను. అంతకు ముందు మనకును వారికిని కారమనగా మిరియమే. క్రొత్త కాయ వచ్చినప్పుడు మూడు భాషలు ఒక్క తీరుగానే ప్రవర్తించినవి. మిరియమును తలచి మనము మిరపకాయ యంటిమి. మెణసును తలచి కన్నడిగులు మెణసినకాయి యనిరి. థాయి భాషలో "ఫ్రిక్" అను మాట మిరపకాయకు స్థిరపడగా, పాత మిరియమునకు "ఫ్రిక్ థాయ్", అనగా థాయి ఫ్రిక్, అను పేరు మిగిలినది. స్వదేశపు కారమేదో, పరదేశపు కారమేదో ఆ పేరే చెప్పుచున్నది. గుంటూరు సన్నము మిర్చికి 2010లోను, ఈ రాష్ట్రపు బ్యాడిగె మిర్చికి 2011లోను భౌగోళిక గుర్తింపు లభించినది. మనము ప్రాణముగా చూచుకొను ఈ కాయ ఒకనాటి అతిథి యను సంగతిని మరువరాదు. ఈ వ్యాసమున ముందు దానితో పని కలదు.

మూడవది వాణిజ్యపు చుట్టరికము. 17వ శతాబ్దిలో గోలకొండ సుల్తానుల రేవైన మచిలీపట్టణము నుండి బట్టల మూటలతో ఓడలు బంగాళాఖాతమును దాటి మెర్గుయి, తెనాసరిము రేవులకు చేరెడివి. ఆ రేవులు అప్పుడు అయుత్థయ రాజుల యేలుబడిలో నుండెను. అచ్చటి నుండి సరకు భూమార్గమున రాజధానికి పోయెడిది. పారశీక వర్తకులు గోలకొండలోను, అయుత్థయలోను పలుకుబడి గలవారై యుండిరి. నేడు బెంగళూరు భోజనశాలలలో దొరకు మస్సమన్ అను కూరలో దాల్చినచెక్క, ఏలకులు, లవంగములు, జాజికాయ పడుట ఆ కాలపు రాకపోకలను తలపింపజేయును. ముస్లిము అను అర్థముగల పాతమాట నుండియే ఆ పేరు వచ్చినదని పలువురి అభిప్రాయము.

ఇక భోజనశాలల సంగతి. వీనిని మూడు తెగలుగా విభజింపవచ్చును. మొదటి తెగ పెద్ద హోటళ్ళలోని ప్రత్యేక థాయి భోజనశాలలు. వెల హెచ్చు, వెలకు తగినట్లు దినుసులు మేలైనవి. మల్లెపూవు వాసనగల థాయి బియ్యము, తాజా నిమ్మగడ్డి ఇచ్చట దొరకును. వీని లోపము వేరు: వడ్డన మిక్కిలి సుకుమారము. అతిథి యొక్క ముఖము చూచి కారము తగ్గించుట వీరికి మర్యాదగా పరిణమించినది. రెండవ తెగ ఆసియా భోజనశాలలు. ఇచ్చట థాయిలాండునకు పట్టికలో ఒక పుట మాత్రము దక్కును. ఒకే వంటగదిలో ఒకే సోయా రసముతో నాలుగు దేశముల వంటలు తయారగును గనుక నాలుగింటికిని ఒకే పోలిక వచ్చును. ఈ తెగను గుర్తించుటకు ఒక తేలిక పరీక్ష కలదు. అన్నము, కూర తెచ్చి ప్రక్కన పుల్లల జత పెట్టిరా, ఆ వంటవారికి థాయి దేశముతో పరిచయము తక్కువ యని గ్రహింపవచ్చును. థాయివారు అన్నమును చెంచాతో తిందురు. ఎడమచేతి ముల్లుచెంచాతో దానిని చెంచాలోనికి త్రోయుదురు. పుల్లలు సేమియా గిన్నెలకు మాత్రమే. జిగట అన్నమునైతే మనవలె చేతితోనే ముద్ద చేసి తిందురు. మూడవ తెగ చైనా వంటకములతో పేరుపడిన చిన్న హోటళ్ళు. ఇచ్చట "థాయి" అనగా కొబ్బరిపాలు పోయుట యని మాత్రమే అర్థము. ఈ తెగను విమర్శించుట అనవసరము. వారు కోరినది వేడిగా, చవుకగా ఆకలి తీర్చుట, ఆ పని వారు చక్కగా చేయుచున్నారు.

వంటకములను ఒక్కొక్కటిగా చూతము. అన్నిటికన్న ప్రసిద్ధమైనది టామ్ యమ్. రొయ్యలతో చేసిన టామ్ యమ్ కుంగును 2024లో యునెస్కో సంస్థ మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. ఇది వారి చారు. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రము, ఒక జాతి నిమ్మచెట్టు ఆకు, మిరపకాయలు వేసి కాచి, చేపల ఊటతో ఉప్పదనము, నిమ్మరసముతో పులుపు తెత్తురు. ఇందు వంటవాని చేతి పనితనము ఒక్క చోట బయటపడును. నిమ్మరసము పొయ్యి మీద మరిగినచో పరిమళము పోయి చేదు దిగును. గిన్నె దింపిన పిమ్మట పిండవలెను. నిమ్మకాయ పులిహోరకును, నిమ్మకాయ పప్పునకును మన గృహిణులు పాటించు నియమమే యిది. మొదటి తెగలో ఈ నియమము చాలవరకు నిలుచును. రెండవ తెగలో ముందే కాచి యుంచిన రసమును మరల వేడిచేయుట కలదు; మొదటి గుటకలోనే చేదు తెలిసిపోవును. నిమ్మగడ్డి కాడలను, దుంప ముక్కలను నమలరాదని చెప్పువారు కూడ ఉండరు. మన పులుసులోని కరివేపాకును ఏరి ప్రక్కన పెట్టుట ఎరిగిన మనకు ఆ హెచ్చరిక అక్కరలేదు గాని, పిల్లలకు చెప్పుట మంచిది.

రెండవది గ్రీన్ కర్రీ యని పట్టికలలో కనబడు కేంగ్ ఖియావ్ వాన్. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రము, ధనియాలు, కొత్తిమీర వేళ్ళు రోట దంచి, చిక్కని కొబ్బరిపాలను నూనె తేలువరకు కాచి, ఆ నూనెలో ఈ ముద్దను వేపుట దాని మూలరహస్యము. మసాలా నూనె వదలువరకు వేపవలెనని మనవారు చెప్పుట లేదా? మన నగరమున ఈ అడుగును దాటవేయువారే హెచ్చు. డబ్బాలోని ముద్దను డబ్బాలోని కొబ్బరిపాలలో కలిపి ఉడికింతురు. చిక్కదనము చాలనిచో మొక్కజొన్న పిండి కలుపుదురు. అసలు కూర జారుగా నుండి అన్నములోనికి ఇంకవలెను. ఇచ్చటిది కుర్మా వలె గడ్డకట్టి అన్నము మీద నిలిచియుండును. అంతకన్న విచారింపదగినది కూరగాయల సంగతి. థాయివారు ఇందు గుండ్రని పచ్చ వంకాయను, బఠాణీ గింజంత చేదు కాయను వేయుదురు. ఆ చేదు కాయ మరేదియు కాదు, మన ఉస్తికాయయే. రాయలసీమలోను, తమిళ దేశములోను ఎండబెట్టి వేపుకొని తిను ఆ కాయ మన బజారులలో దొరకును. దానిని విడిచి బ్రాకలీ పూవులను, లేత మొక్కజొన్న కంకులను వేయుచున్నారు. కొబ్బరి తీపికి ఎదురు నిలువవలసిన చేదు లోపించినందున ఆ కూర కొంతసేపటికి మొగము మొత్తును. దొరకని దినుసునకు బదులు వెదకుట తప్పు కాదు. చేతికందు దినుసును వదలి, చూపునకు ఖరీదుగా కనబడు దానిని వేయుట తప్పు.

మూడవది బొప్పాయికాయ కోరుతో చేయు సోమ్ తమ్. ఇందు "తమ్" అనగా దంచుట. వెల్లుల్లి, మిరపకాయలు, వేరుశనగలు, ఎండు రొయ్యలు, తాటిబెల్లము, నిమ్మరసము మట్టి రోటిలో కొయ్య రోకలితో తేలికగా నలుగగొట్టి, పచ్చి బొప్పాయిని అందు కలుపుదురు. బొప్పాయి నలుగవలెను, నుజ్జు కారాదు. ఇదియు, నామ్ ఫ్రిక్ అను మిరపపచ్చళ్ళును చూచినప్పుడు రోటిపచ్చడికి తోబుట్టువులు దొరకినట్లు తెలుగువానికి తోచును. నామ్ ఫ్రిక్ చుట్టు పచ్చి కూరగాయలు, ఉడికించిన కూరగాయలు పెట్టి అన్నముతో తినుట థాయి గ్రామములలో నిత్యభోజనము. చేపలో, రొయ్యల ముద్దలో లేని యెడల మన దోసకాయ పచ్చడి ఆ పంక్తిలో ఇమిడిపోవును. కాని బెంగళూరు పట్టికలలో సోమ్ తమ్ ఒక చల్లని సలాడుగా మారినది. దంచుటకు బదులు గిన్నెలో కలుపుచున్నారు. నామ్ ఫ్రిక్ అయితే ఏ తెగలోను సుకరముగా దొరకదు. ఏ వంటకము ఆ జాతి నిత్యజీవనమునకు మిక్కిలి దగ్గరిదో, అదియే హోటలు పట్టికలో లేకపోవుట మన మెరుగని ముచ్చటా? గోంగూర కొంతవరకు నిలదొక్కుకొన్నది గాని, బెంగళూరులోని ఎన్ని ఆంధ్ర భోజనశాలలలో చింతచిగురు పప్పు, కంది పచ్చడి, ఉలవచారు ప్రతిదినము దొరకుచున్నవి?

నాలుగవది తులసితో వేపిన మాంసము, పద్ క్రపావ్. ఇందు వాడునది మన పెరటి తులసియే. కోటలో పెట్టి పూజించు దానిని మాంసముతో వేపుట వినుటకు మనలో కొందరికి కష్టముగా నుండవచ్చును. ఒకే మొక్క ఒక చోట పూజకు, ఒక చోట వంటకు పెరుగుట లోకరీతి. బెంగళూరు వంటశాలలలో దీనికి బదులు సబ్జా గింజల నిచ్చు మొక్క జాతికి చెందిన తీపి వాసన ఆకు వేయుచున్నారు. ఆ ఆకు గ్రీన్ కర్రీలో పడవలసినది. తులసి యొక్క మిరియపు ఘాటు లేనిదే ఈ వంటకమునకు ప్రాణము లేదు. భావనకు జడిసి తులసిని మానిరో, వాసన తెలియక మానిరో చెప్పలేము. మానినప్పుడు ఆ పేరు పెట్టకుండుట న్యాయము.

శాకాహారుల సంగతిని ప్రత్యేకముగా చెప్పవలసియున్నది, మన పాఠక కుటుంబములలో వారి సంఖ్య పెద్దది గనుక. థాయి వంటకు ఉప్పు చేపల ఊట నుండి వచ్చును. చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరవేసి దానిని తీయుదురు. కూరముద్దలలో రొయ్యల ముద్ద కలియుట సామాన్యము. అందుచేత కూరగాయలతో చేసినంత మాత్రమున థాయి కూర శాకాహారము కాదు. వడ్డించువానిని "మాంసము కలదా" యని యడిగిన చాలదు. "ముద్ద ఎచ్చట నూరినది, అందు రొయ్యలు కలవా, చేపల ఊట పోసితిరా" యని యడుగవలెను. మంచి భోజనశాల వంటవానిని పిలిచి సమాధానము చెప్పించును. ఆ దేశమున శాకాహారమునకు "మంగ్సవిరత్" అను మాట కలదు. ఆ మాట సంస్కృతపు మాంసవిరతియే. "జే" అను మరియొక కట్టుబాటున మాంసము, చేపలే గాక వెల్లుల్లి, ఉల్లి కూడ నిషిద్ధములు. ఫుకెట్ ద్వీపమున ఏటేట తొమ్మిది దినములు దీనిని వ్రతముగా పాటింతురు. కనుక శాకాహారపు థాయి వంట బెంగళూరువారి కల్పన కాదు. దానికి ఆ దేశముననే పునాది కలదు. పునాది తెలిసిన వంటవాడు ఆ ఊటకు బదులుగా పులిసిన సోయా ముద్దను, పుట్టగొడుగుల రసమును వాడి లోతు తెచ్చును. తెలియనివాడు ఉప్పును, చక్కెరను పెంచును.

ఇంతవరకు వంటకముల సంగతి చెప్పితిని. అసలు ప్రశ్న ఇప్పుడు వచ్చుచున్నది. థాయి వంట యనగా ఏది? ఆ దేశపు పేరే 1939లో సయాము నుండి థాయిలాండుగా మారినది. ఆ దేశమున నాలుగు ప్రాంతములు, నాలుగు వంటలు. మధ్యమైదానమున కొబ్బరిపాల కూరలు. ఈశాన్యమున జిగట అన్నము, సోమ్ తమ్, ఊరవేసిన చేప. ఉత్తరమున బర్మా పొరుగు పోలికలు. దక్షిణమున పసుపు, చింతపండు, మితిలేని కారము. మన పులుసునకు మిక్కిలి దగ్గరిదైన కేంగ్ సోమ్, కొబ్బరిపాలు లేని చింతపండు పులుసు, ఇచ్చటి పట్టికలలో కనబడుట బహు అరుదు. బోర్డు మీద "థాయి" యని వ్రాసినప్పుడు లోపల నున్నది చాలవరకు బ్యాంకాకు పరిసరముల వంట, అందును విదేశీయులకు నచ్చిన పది పండ్రెండు వంటకములు. 2002లో థాయి ప్రభుత్వమే లోకమంతట థాయి భోజనశాలలను పెంచుటకు ఒక ప్రణాళికను చేపట్టెను. దానిచేత ఆ వంటకు పేరు వచ్చినది. కాని పేరు పది వంటకములకు వచ్చినది. తక్కినవి ఇంటనే మిగిలినవి.

"ఆంధ్ర" అను మాటకు బెంగళూరులో పట్టినది ఇదియే గతి. రెసిడెన్సీ రోడ్డున 1984లో నాగార్జున భోజనశాల వెలసిన పిమ్మట, నందిని మొదలైనవి శాఖోపశాఖలుగా విస్తరించినవి. అరటియాకు, వేడి అన్నము, కందిపొడి, నెయ్యి, పప్పు, గోంగూర ఈ నగరవాసులందరికిని పరిచితములైనవి. ఈ కీర్తి మనకు సంతోషము కలిగించునదే. భాష తెలియనివాడు కూడ "పప్పు", "పొడి" యను మాటలు తెలుగులో పలుకుట వీరి చలువ. అయినను ఆ విస్తరి ఎవరిది? అది ప్రధానముగా కోస్తా జిల్లాలది, అందును హోటలు కొఱకు కారము హెచ్చించినది. బెంగళూరు తెలుగువారిలో పెక్కు కుటుంబములు తరతరముల నుండి ఈ నేలనే యున్నవి. కోలారు, చింతామణి, బాగేపల్లి, శ్రీనివాసపురము ప్రాంతముల తెలుగు ఇండ్లలో రాగిముద్ద, ఉప్పుసారు, బస్సారు నిత్యభోజనములు. చలికాలమున అనపకాయలు వచ్చినప్పుడు గింజలను నానబెట్టి పొట్టు వలిచి చేయు పితికిపప్పు వారి పండుగ. అనంతపురము, చిత్తూరు ఇండ్లలోను అంతే. తెలంగాణము నుండి వచ్చినవారి సర్వపిండి, శ్రీకాకుళము నుండి వచ్చినవారి ఆవపెట్టిన కూర వేరు. వీరెవ్వరి భోజనము ఆ బోర్డు క్రింద లేదు. రాష్ట్రము పేరు 1953లో ఒకటి, 1956లో ఒకటి. 2014లో రాష్ట్రమే రెండయ్యెను. హోటలు బోర్డు మాత్రము మారలేదు. ఇచ్చట పుట్టిన పిల్లలు "మన తిండి" యనగా హోటలులోని పచ్చిమిర్చి కోడివేపుడే యని తలచుచున్నారు. మన ఊళ్ళ పెండ్లిపంక్తి ఆ వంటకము నెరుగదు.

దీనికి ప్రతివాదము చెప్పువారు కలరు; వారి వాదము బలమైనది. వంట ఎప్పుడును మారుచునే యుండును. మార్పు వద్దన్నచో మిరపకాయను కూడ వెనుకకు పంపవలెను గదా యని వారందురు. థాయి దేశపు జాతీయ వంటకముగా లోకమెరిగిన పద్ థాయి సేమియా కూడ పాతది కాదు. 1938 నుండి 1944 వరకు ప్రధానిగా నుండిన ఫిబున్ సొంగ్‌ఖ్రామ్ ప్రభుత్వము బియ్యపు సేమియాను ప్రోత్సహించిన కాలమున అది వ్యాప్తికి వచ్చెను. ప్రభుత్వము పెంచిన వంటకము జాతీయమైనప్పుడు, బెంగళూరు పుట్టించిన కోడివేపుడు తెలుగుది ఏల కారాదు?

కావచ్చును. మార్పు జరుగుటను నేను తప్పు పట్టుట లేదు. మార్పులో రెండు విధములు కలవని మాత్రము చెప్పుచున్నాను. మిరపకాయ వచ్చినప్పుడు మిరియము పోలేదు. మిరియాల చారు నేటికిని మన యింట కాగుచున్నది. క్రొత్తది పాతదాని ప్రక్కన చేరినది. ఇది కలుపుకొను మార్పు. ఉస్తికాయ స్థానమున బ్రాకలీ వచ్చినప్పుడు చేదు అను రుచియే కూరనుండి తొలగినది. కోస్తా విస్తరి "ఆంధ్ర" యను పేరును పూర్తిగా ఆక్రమించినప్పుడు పితికిపప్పు తెలుగువంట కాదన్న భ్రమ కలిగినది. ఇది చెరిపివేయు మార్పు. ఉగాది పచ్చడిలో ఆరు రుచులలో ఒకటి తగ్గినను దానిని మనము ఉగాది పచ్చడి యనము. థాయి వంటను తూచునప్పుడును, మన వంటను తూచునప్పుడును అడుగవలసిన ప్రశ్న యిదియే: ఏమి చేరినది యని కాదు, ఏ రుచి తొలగినది యని.

ఈ కొలతతో తీర్పు చెప్పవలసినచో, నగరమున థాయి భోజనమునకు తొలిసారి పోవువారు ప్రత్యేక థాయి భోజనశాలకు పోవుటయే మేలు. తరచుగా పోవుటకు వెల అడ్డమైనను, ఒక్కసారి అసలు రుచిని ఎరిగిన నాలుక తక్కిన చోట్ల మోసపోదు. నలుగురు కలిసి పోవలెను. టామ్ యమ్, ఒక కొబ్బరిపాల కూర, ఒక వేపుడు, సోమ్ తమ్ నడుమ నుంచుకొని అన్నముతో కలిపి తినవలెను. కారము తగ్గింపుమని ముందే చెప్పకూడదు. మిరప ఘాటు నీటిలో కరగదు, కొవ్వులో కరగును. అందుకే వారికి కొబ్బరిపాలు, మనకు నెయ్యి. పట్టికలో లేకున్నను కేంగ్ సోమ్ కలదా, నామ్ ఫ్రిక్ కలదా యని అడుగవలెను. అడుగువారు లేని వంటకమును ఏ హోటలువాడును వండడు.

మన భోజనశాలల యెడల కూడ ఈ పని చేయవలసిన బాధ్యత మనపై మరింత కలదు. చలికాలమున ఆంధ్ర భోజనశాలకు పోయినప్పుడు పితికిపప్పు ఏల లేదని అడుగుడు. వేసవిలో మామిడికాయ పప్పు, వానకాలమున ఉలవచారు అడుగుడు. విష్ణుచిత్తుని విందు ఋతువును బట్టి మారినది; మన హోటలు విస్తరి పండ్రెండు నెలలును ఒక్కటిగానే యున్నది. హోటలు చేయనిచో ఇల్లు చేయవలెను. వ్రాయుట ఎరిగినవారు తమ యింటి పెద్దల వద్దనున్న వంటలను, వారు వాడు మాటలతోనే, ఏ ఊరివో పేర్కొని వ్రాసి యుంచుట నేడు చేయదగిన పని. థాయి దేశపు నామ్ ఫ్రిక్ పట్టికలలో లేకున్నను అచ్చటి గ్రామములలో రోలు ఆగలేదు గనుక అది నిలిచియున్నది. పరదేశమున స్థిరపడిన మనకు వెనుక అటువంటి గ్రామము అందరికిని లేదు. ఉన్నది మన వంటిల్లు మాత్రమే.